హైదరాబాద్‌లో చెక్ చేసి పంపాక, విమానం మారేచోట మళ్లీ ఎందుకు చెక్ చేస్తారు?

మీ ప్రశ్న చూడగానే మా నాన్న విస్కీ బాటిల్ గుర్తొచ్చిందండి. శంషాబాద్‌లో అన్నీ చూసి పంపాక, యూరప్‌లో దిగితే మళ్లీ బెల్టు విప్పించి బ్యాగులు తిరగేయడం ఏమిటని మీరు అడిగారు. షికాగోలో ఉన్న అక్క దగ్గరికి అమ్మానాన్నలను తీసుకెళ్లినప్పుడు నేనూ ఇలాగే విసుక్కున్నాను.

బావ కోసమని నాన్న డ్యూటీ ఫ్రీలో ఒక బాటిల్ కొన్నారు. షాపువాళ్లు దాన్ని ఎర్ర అంచున్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బిల్లు పైకి కనిపించేలా సీల్ వేసిచ్చారు. విమానంలో నేను నిద్రపోతుంటే, బిల్లు సరిచూద్దామని ఆయన ఆ కవర్ చింపారు! విమానం మారేచోట చెకింగ్‌లో ఉన్న అమ్మాయి ఆ చిరుగు మీద వేలు పెట్టి చూపించి, బాటిల్‌ని పక్కనున్న డబ్బాలో వేసేసింది. "హైదరాబాద్‌లో చూశారమ్మా" అని నాన్న తెలుగులోనే చెప్పుకున్నారు, పాపం.

అసలు కిటుకు అక్కడే ఉంది. హైదరాబాద్‌లో చూసింది అక్కడ లెక్కలోకి రాదు. విమాన ప్రయాణాలపై దేశాల మధ్య 1944లో కుదిరిన షికాగో ఒప్పందానికి 17వ అనుబంధం ఒకటి ఉంది, 1974లో వచ్చింది. విమాన భద్రతకు ప్రపంచ దేశాలన్నీ పాటించాల్సిన కనీస నియమాలు అందులో ఉంటాయి. ఐకావో అనే ఐక్యరాజ్యసమితి సంస్థ వాటిని చూసుకుంటుంది. కనీసం అంటే కనీసమే, ఆపైన ఎవరి కట్టుదిట్టం వాళ్లది. ఏ దేశం నుంచి విమానం లేస్తే దాని భద్రతకు ఆ దేశానిదే పూచీ. కాబట్టి ముందు దేశం చేసిన తనిఖీని ఒప్పుకున్నామని ప్రత్యేకంగా చెబితే తప్ప, దిగి మారేవాళ్లను మళ్లీ చూడాల్సిందే.

తిరుగు ప్రయాణంలో నాకిది బాగా అర్థమైంది. షికాగో నుంచి వచ్చి అదే ఎయిర్‌పోర్టులో దిగితే మమ్మల్ని ఎవరూ ఆపలేదు, నేరుగా గేటుకు వెళ్లిపోయాం. అమెరికా తనిఖీని యూరోపియన్ యూనియన్ తన తనిఖీతో సమానంగా గుర్తించింది. మన దగ్గర్నుంచి వెళ్లినప్పుడు ఆ వెసులుబాటు దొరకలేదు. అవమానంగానే అనిపించింది, దాచుకోవడమెందుకు.

అలాగని ఇదంతా ఉత్త చాదస్తమూ కాదు. 1985 జూన్‌లో వాంకూవర్‌లో ఒకడు సూట్‌కేసు ఎక్కించి, తను మాత్రం ఎక్కలేదు. ఆ పెట్టె టొరంటోలో ఎయిర్ ఇండియా కనిష్కలోకి మారింది. ఐర్లండ్ దగ్గర విమానం పేలి 329 మంది పోయారు. మనిషి ఎక్కకపోతే పెట్టె కూడా కదలకూడదన్న నియమం గట్టిపడింది ఆ తర్వాతే.

మీరు వెళ్లేటప్పుడు డ్యూటీ ఫ్రీ కవర్ సీల్ ఇల్లు చేరేదాకా విప్పకండి. అమెరికా వెళ్తుంటే కందిపొడి, కారప్పొడి డబ్బాలు చెకిన్ లగేజీలో వేసేయండి. 2018 నుంచి చేతి సంచిలో 350 మిల్లీలీటర్లు దాటిన పొడులను వాళ్లు విడిగా తనిఖీ చేస్తున్నారు. విమానం మారడానికి కనీసం రెండున్నర గంటలు ఉండేలా టికెట్ తీసుకోండి. మాకు గంటన్నరే దొరికింది, గేటు దాకా పరుగే పరుగు.