డాక్యుమెంటేషన్ పని ఇచ్చారని ఇంటర్న్‌షిప్ మానిపించాలా?

ప్రశ్న: మా అమ్మాయి కరీంనగర్‌లో బీటెక్ కంప్యూటర్ సైన్స్ ఫైనలియర్ చదువుతోంది. హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ దొరికింది. తోటివాళ్లకు కోడింగ్ ఇచ్చి, తనకు మాత్రం ఒక పైథాన్ ప్రాజెక్టుకు డాక్యుమెంటేషన్ తయారుచేసే పని ఇచ్చారు. స్ఫింక్స్ అనే టూల్ నడిపితే రెండు వందలకు పైగా వార్నింగులు వస్తున్నాయట, పేజీలు చిందరవందరగా కనిపిస్తున్నాయట. రాత్రి పన్నెండైనా నిద్రపోకుండా టెన్షన్ పడుతోంది. ఇది గుమాస్తా పనేనా? మానిపించి ఏదైనా కోడింగ్ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: మానిపించకండి. కనీసం ఆ వార్నింగులు ఎందుకు వస్తున్నాయో తనకు అర్థమయ్యేదాకా మానిపించకండి.

మీరు గుమాస్తా పని అనుకోవడానికి కారణం ఉంది. డాక్యుమెంటేషన్ అంటే ఎవరో చెప్పింది టైప్ చేయడమని చాలామంది అనుకుంటారు. మీ అమ్మాయి చేస్తున్నది అది కాదు. పైథాన్‌లో ప్రతి ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) లోపల, అది ఏం చేస్తుందో చెప్పే నాలుగు మాటలు రాస్తారు. దాన్ని డాక్‌స్ట్రింగ్ అంటారు. స్ఫింక్స్ వాటన్నిటినీ కోడ్‌లోంచి తీసి వెబ్ పేజీలుగా మారుస్తుంది. పైథాన్ భాష సొంత డాక్యుమెంటేషన్ కోసమే గియోర్గ్ బ్రాండ్ల్ దీన్ని తయారుచేసి 2008లో విడుదల చేశారు. పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్ ఇప్పటికీ దీనితోనే తయారవుతుంది. ఇందులో తప్పు సరిచేయాలంటే కోడ్ ఫైల్ తెరవాలి, ఆ ఫంక్షన్ చదవాలి. పక్క సీట్లో కోడింగ్ చేసే కుర్రాడికి తన ఫైళ్లు రెండు మూడే తెలుస్తాయి. మీ అమ్మాయికి ప్రాజెక్టు మొత్తం తెలుస్తుంది.

ఇక్కడి నుంచి తనకే చెబుతాను, చదివించండి.

తల్లీ, రెండు వందల వార్నింగులంటే రెండు వందల తప్పులు కావు. వచ్చిందంతా ఒక ఫైల్‌లోకి కాపీ చేసుకుని, ఒకే రకం వాక్యాలను ఒకచోట చేర్చు. నాలుగైదు రకాలకు మించి ఉండకపోవచ్చు. ఆ పనికి ముందు పాత బిల్డ్ ఫోల్డర్ (స్ఫింక్స్ తయారుచేసిన పేజీలు ఉండేది) తీసేయి. స్ఫింక్స్ రెండోసారి మారిన ఫైళ్లనే చదువుతుంది కాబట్టి, ఏమీ సరిచేయకపోయినా వార్నింగులు తగ్గినట్టు కనిపిస్తాయి. ఆ లెక్క నమ్మితే మర్నాడు అన్నీ తిరిగి వస్తాయి. ఇంకో సంగతి. వార్నింగ్‌లో 'డాక్‌స్ట్రింగ్ ఆఫ్' అని ఫంక్షన్ పేరు, దాని పక్కన ఒక అంకె ఉంటే, ఆ అంకె ఫైల్‌లోని వరస నంబర్ కాదు. ఆ డాక్‌స్ట్రింగ్ మొదలైన చోటి నుంచి లెక్కపెట్టుకోవాలి. కొత్తవాళ్ల సమయం ఎక్కువగా పోయేది ఇక్కడే.

తరచుగా వచ్చేది 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇండెంటేషన్', అంటే అనుకోని చోట వరస లోపలికి జరిగిందని. మీ డెవలపర్లు 'ఆర్గ్స్' అని రాసి, కింద పారామీటర్లను (ఫంక్షన్‌కు ఇచ్చే విలువల పేర్లను) లోపలికి జరిపి రాసే గూగుల్ పద్ధతి వాడి ఉంటే, ముందు కాన్ఫిగరేషన్ ఫైల్ తెరిచి ఎక్స్‌టెన్షన్ల జాబితా చూడు. అందులో నెపోలియన్ అనేది లేకపోతే స్ఫింక్స్‌కు ఆ పద్ధతి అర్థం కాదు. పారామీటర్లన్నీ ఒకే పేరాగా కలిసిపోతాయి. వివరణ రెండో వరసకు వెళ్లి ఇంకాస్త లోపలికి జరిగిన ప్రతిచోటా ఈ వార్నింగ్ వస్తుంది. నెపోలియన్ స్ఫింక్స్‌తో పాటే వస్తుంది, ఆ జాబితాలో ఒక్క వరస చేరిస్తే చాలు. డజన్ల కొద్దీ వార్నింగులు ఒకేసారి పోతాయి. అందుకే ఒక్కో ఫంక్షన్‌ను పట్టుకుని దిద్దడం మొదలుపెట్టకముందే కాన్ఫిగరేషన్ చూడమంటున్నాను.

తర్వాతిది నక్షత్రం గుర్తు. స్ఫింక్స్ చదివే రాత పద్ధతి పేరు రీస్ట్రక్చర్డ్ టెక్స్ట్. అందులో * అంటే వాలు అక్షరాలు మొదలయ్యాయని,  ** అంటే బొద్దు అక్షరాలని అర్థం. ఎవరైనా వివరణలో మామూలుగా **క్వార్గ్స్ అని రాస్తే, మొదలైన బొద్దు అక్షరాలు ఎక్కడా ముగియలేదని గోల చేస్తుంది. ఆ పేరుకు అటూ ఇటూ రెండేసి బ్యాక్‌టిక్‌లు (`) పెడితే సరిపోతుంది. రెండేసి అని ఎందుకన్నానంటే, మార్క్‌డౌన్ అనే ఇంకో రాత పద్ధతి అలవాటున్నవాళ్లు ఒక్కొక్కటే పెడతారు, ఇక్కడ దానికి అర్థం వేరు. విండోస్ ఫోల్డర్ల దారి రాసినచోట బ్యాక్‌స్లాష్‌లు ఉంటే, డాక్‌స్ట్రింగ్ మొదట్లో కొటేషన్లకు ముందు చిన్న 'ఆర్' అక్షరం పెట్టు. శీర్షిక కింది గీత చిన్నదైందని వస్తే గీతను పొడిగించు, ఎంత పొడుగైనా తప్పు పట్టదు. ఎప్పుడైనా తెలుగులో శీర్షిక రాస్తే ఇది గుర్తుంచుకో. 'తెలుగు' మన కంటికి మూడక్షరాలే అయినా, గుణింతపు గుర్తులతో కలిపి కంప్యూటర్‌కు ఆరు, గీత కూడా అంత ఉండాలి.

వార్నింగే రాని తప్పులు కూడా ఉంటాయి. పేరా కింద ఖాళీ వరస వదలకుండా జాబితా మొదలుపెడితే, ఆ జాబితా చప్పుడు చేయకుండా పేరాలో కలిసిపోవచ్చు. అందుకని వార్నింగులు సున్నా అయిన రోజు, తయారైన పేజీలను బ్రౌజర్‌లో తెరిచి మొదటి నుంచి చివరి దాకా కళ్లతో చూడు. చూశాక, వార్నింగ్ వస్తే బిల్డ్ ఫెయిలైనట్టు లెక్కేసేలా క్యాపిటల్ డబ్ల్యూ (-W) ఆప్షన్ పెట్టమని మీ టీమ్‌ను అడుగు. వార్నింగులు కనిపించకుండా దాచే సెట్టింగ్ కూడా ఉంది. తొందరలో దాని జోలికి వెళ్లకు. దాచితే పేజీ బాగుపడదు.

దిద్దేటప్పుడు ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకో. డాక్‌స్ట్రింగ్ ఒకటి చెబుతుంటే ఫంక్షన్ ఇంకొకటి చేస్తున్న చోట్లు తప్పకుండా కనిపిస్తాయి. జాబితా తిరిగి ఇస్తుందని రాసి ఉంటుంది, కోడ్ చూస్తే ఏమీ ఇవ్వదు. పారామీటర్ పేరు ఎప్పుడో మారిపోయి ఉంటుంది. ఇవన్నీ రాసుకో. నెల తర్వాత మీ మేనేజర్ దగ్గరికి ఆ నోట్‌బుక్ తీసుకెళ్లి, 'సార్, వీటిలో రెండు నేనే కోడ్‌లో సరిచేస్తాను' అని అడుగు. కోడింగ్ పని ఇమ్మని ఊరికే అడగడం కన్నా ఇది ఎక్కువ పనిచేస్తుంది.

మళ్లీ ప్రశ్న పంపిన మీకు. టెక్నికల్ రైటర్, డాక్యుమెంటేషన్ ఇంజనీర్ అనే ఉద్యోగాలు ఉన్నాయి. డెవలపర్ ఉద్యోగాలంత ఎక్కువగా ఉండవు, ఆ మాట దాచను. ఇంగ్లిష్‌లో స్పష్టంగా రాయగలగాలి, రాసినవి చూపించాలి. గూగుల్ టెక్నికల్ రైటింగ్ కోర్సులు ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉన్నాయి, డబ్బు కట్టే కోర్సు గురించి ఆలోచించే ముందు అవి చదివించండి. గిట్‌హబ్‌లో ఎన్నో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు డాక్యుమెంటేషన్ దిద్దుబాట్లను కొత్తవాళ్ల నుంచి సంతోషంగా తీసుకుంటాయి. కంపెనీ కోడ్ బయట చూపించకూడదు కాబట్టి, ఇంటర్వ్యూలో చూపించడానికి అలాంటివి రెండు మూడు ఉండాలి. అమ్మాయి డెవలపర్ అవుతానన్నా ఇవి వృథా పోవు, ఇంకొకరి కోడ్ చదవగలదని వాటితోనే తెలుస్తుంది.

ఒక్క సందర్భంలో మాత్రం మానిపించమంటాను. చేసిన పనిని ఎవరూ చూడకపోతే, గిట్‌లో (కోడ్ మార్పులను భద్రపరిచే టూల్‌లో) పెట్టనివ్వకపోతే, వర్డ్ ఫైళ్లు కాపీ చేయించడం తప్ప ఇంకేమీ ఇవ్వకపోతే అక్కడ నేర్చుకునేది ఉండదు. అది తేల్చుకోవడానికి ఒక నెల చూడండి.

రేపు ఆఫీసుకు వెళ్లేటప్పుడు తనను 'రెండు వందల వార్నింగులు వస్తున్నాయి' అని చెప్పవద్దనండి. మొదటి వార్నింగ్ పూర్తి వాక్యం, దానికి కారణమైన ఐదారు వరసల కోడ్, తను ఇప్పటిదాకా ఏం ప్రయత్నించిందో ఒక కాగితం మీద రాసుకుని మెంటార్‌కు చూపించమనండి. అంత స్పష్టంగా అడిగితే ఆయనకు జవాబు చెప్పడానికి ఐదు నిమిషాలు పడుతుంది.