మొక్క ఇగురేస్తుందా?

సందేహం: పెరట్లో కత్తిరించిన గులాబీ కొమ్మలకు ఉగాది ముందు లేతాకులు వచ్చాయి. మా నాయనమ్మ చూసి "ఇగురేసిందే!" అంది. ఇగురంటే రొయ్యల కూర కదా అని పిల్లలు నవ్వారు. ఆ మాట సరైనదేనా? చిగురు అనాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మీ నాయనమ్మగారిది అచ్చమైన తెలుగు. ఇగురుకు చిగురనే అర్థం నిఘంటువుల్లోనే ఉంది. పంటి చిగుళ్ళను ఇగుళ్ళు అనడం మీరూ వినే ఉంటారు. చెట్టు దగ్గరా పంటి దగ్గరా అదే జంట కనిపిస్తోంది కనుక, చిగురులో చకారం జారి ఇగురు మిగిలిందని నాకు తోస్తుంది. అలాగని పట్టుబట్టను. కూర సంగతి వేరు, నీళ్ళు ఇగిరేదాకా ఉడికిస్తాం కాబట్టి అది ఇగురు.

చిగురనగానే నాకు పోతన గుర్తొస్తాడు. "లలిత రసాల పల్లవ ఖాదియై చొక్కు కోయిల చేరునే కుటజములకు" అని ప్రహ్లాదుడి చేత అడిగించాడు. లేత మావిచిగురు మేసి పరవశించే కోయిల కొండమల్లెల వైపు వెళ్తుందా అని. అంత సంస్కృత సమాసం పక్కన 'చొక్కు' అనే చిన్న తెలుగు మాట చూడండి. రుచికి ఒళ్ళు మరిచిపోవడమంతా అందులోనే ఉంది. ఆయన పేర చెప్పుకొనే చాటువులో కావ్యకన్యక కూడా "బాలరసాలసాల నవపల్లవ కోమల"యే. మళ్ళీ మావిచిగురే! ఒకసారి మామిడి కొమ్మ వంచి చూడండి. రాగిరంగు ఆకులు, నిలబడే సత్తువ లేక కిందికి వేలాడుతుంటాయి. నలిపితే పచ్చి మామిడికాయ వాసన. కోమలమంటే ఏమిటో అప్పుడు వేళ్ళకు తెలుస్తుంది.

తలిరు కూడా చిగురే, పద్యాల్లో మిగిలింది.

మా విజయవాడలో కానుగచెట్లు లేతాకుపచ్చగా మెరిసిపోతుంటే చదువుకున్నవాళ్ళు "కొత్త లీవ్స్ వచ్చాయి" అంటున్నారు. వార్తల్లో ఎప్పుడు చూసినా ఆశలే చిగురిస్తాయి, చెట్టు చిగురించిందని రాసేవారు కరువయ్యారు. ఇంత మంచి క్రియను చెట్టుకు కాకుండా చేయడం తప్పు కాదా?

రాసేటప్పుడు చిగురు అని రాయండి, అందరికీ అందుతుంది. కథలో ముసలావిడ "ఇగురేసింది" అంటే మాత్రం నేను దిద్దను. ఈసారి రైతుబజారులో చింతచిగురు దొరికితే రొయ్యల్లో వేసి ఇగరబెట్టండి. రెండు ఇగుర్లనూ ఒకే కంచంలో పిల్లలకు నాయనమ్మగారే చూపిస్తారు.