ఎలిప్టిక్ కర్వ్ నుంచి పీ-ఆడిక్ ప్రాతినిధ్యం ఎలా వస్తుంది?

పూర్ణాంక గుణకాలున్న సమీకరణం నుంచి గాల్వా సమూహానికి (బీజీయ సంఖ్యలను తారుమారు చేసే సౌష్ఠవాల సమూహానికి) పీ-ఆడిక్ ప్రాతినిధ్యం, అంటే దాని మూలకాలను పీ-ఆడిక్ సంఖ్యల మాత్రికలుగా రాసే పద్ధతి, ఎలా పుడుతుందన్నది ప్రశ్న. దీనికి వై² + వై = ఎక్స్³ − ఎక్స్² అనే ఎలిప్టిక్ కర్వ్ (బిందువులను ఒకదానితో ఒకటి కూడగలిగే ఒక రకం వక్రరేఖ) చక్కని ఉదాహరణ. పీ అనే ప్రధాన సంఖ్యను ఎంచుకుని, పీ, పీ², పీ³ సార్లు కూడితే శూన్యబిందువు (ఈ కూడికలో సున్నాగా పనిచేసే అనంతబిందువు) వచ్చే బిందువులను వరుసగా తీసుకొని, ఒక అంచె మరో అంచెతో పొసగేలా పేర్చుకుంటూ పోతే, పీ-ఆడిక్ పూర్ణాంకాల (పీ, పీ², పీ³ మాడ్యులోలలో ఒకదానితో ఒకటి పొసగే శేషాల వరుసల) మీద ర్యాంకు 2 గల టేట్ మాడ్యూల్ ఏర్పడుతుంది. ఈ బిందువుల నిరూపకాలు బీజీయ సంఖ్యలు కనుక గాల్వా సమూహం వాటిని తమలో తాము తారుమారు చేస్తుంది. ఆ తారుమారును 2×2 మాత్రికలుగా రాస్తే అదే ప్రాతినిధ్యం. కర్వ్ ఆకారాన్ని బీజగణితంతో కొలిచే మొదటి ఎతాల్ కోహోమాలజీ దీని డ్యూయల్ (ప్రతిరూపం) మాత్రమే.

ఇప్పుడు సమీకరణాన్ని మాడ్యులో 2లో చూద్దాం. ఎక్స్ 0 అయినా 1 అయినా కుడివైపు 0 వస్తుంది, వైకి 0, 1 రెండూ సరిపోతాయి. అనంతబిందువుతో కలిపి మొత్తం 5 బిందువులు. కాబట్టి 2 దగ్గరి ఫ్రొబీనియస్ (మాడ్యులో 2లో ప్రతి సంఖ్యను దాని వర్గానికి పంపే గాల్వా మూలకం) మాత్రికకు ట్రేస్ (వికర్ణంలోని సంఖ్యల మొత్తం) 2 + 1 − 5 = −2, డిటర్మినెంట్ 2. పీ విలువ 3 అయినా 101 అయినా ఈ రెండూ మారవు. నా దృష్టిలో అసలు ఆశ్చర్యం ఇదే.

పీ 2 అయినప్పుడు మాత్రం రామిఫికేషన్ (2 దగ్గర ఫ్రొబీనియస్‌కు ఒకే ఖచ్చితమైన మాత్రిక తేలకపోవడం) అడ్డొస్తుంది కనుక ఆ ట్రేస్‌ను నేరుగా చదవలేం, ఫ్రెంచ్ గణితవేత్త ఫాంటేన్ నిర్మించిన క్రిస్టలైన్ సిద్ధాంతం ద్వారా రాబట్టాలి.