ఫ్రయ్యర్ కొన్నావు సరే, ముందు దుంప సంగతి చూడు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. చిప్స్ అన్నావు కాబట్టి సరిపోయింది గానీ లేకపోతే బెల్లం అప్పచ్చులనుకునేవాణ్ణి, మీ పిన్నయితే నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఫీలవ్వకు. అన్ని వేలు పోసి నూనెలో వేయించే కరెంటు ఫ్రయ్యర్ కొంటే రంగు ఇలా వస్తుందేంటి బాబాయ్, రిటర్న్ పెట్టెయ్యనా అన్నావు కదా, వద్దు. తప్పు దానిది కాదు, దుంపది. ఇరవై రెండేళ్ళు హాట్ చిప్స్ షాపు నడిపినోణ్ణి, ఆ రంగు చూస్తే తెలిసిపోద్ది నాకు. నిజం చెప్పు, బంగాళాదుంపలు ఫ్రిజ్‌లో పెట్టావు కదూ?

చలికి దుంపలో ఉన్న పిండి చక్కెరగా మారుద్ది. ఆ చక్కెర వేడి నూనెలో పడగానే గబుక్కున ఎర్రబడిపోద్ది, లోపల తడి ఇంకా అలాగే ఉంటది, నువ్వేమో మాడిపోతున్నాయని కంగారుపడి తీసేస్తావు, అందుకే పైన నలుపు లోపల మెత్తన. షాపు పెట్టిన రెండో ఏడు సంక్రాంతి ముందు నేనూ ఇదే చేశా, రేటు తక్కువకి వస్తున్నాయి కదా అని కోల్డ్ స్టోరేజ్ నుంచి అప్పుడే దింపిన దుంపలు మూడు బస్తాలు తెప్పించుకున్నా, ఒక్క వాయి కూడా తెల్లగా రాలేదు, మంట తగ్గిస్తే నూనె పీల్చేవి, పెంచితే బొగ్గు. మూడు బస్తాలూ పక్కన టిఫిన్ సెంటర్ వాళ్ళకి కూరకి ఇచ్చేశా. ఆ రోజు నుంచి బస్తా విప్పగానే ఒక దుంప కోసి నాలుగు ముక్కలు వేయించి చూడందే బేరం ఆడలేదు. నువ్వూ అంతే చెయ్యి, కేజీ మొత్తం తరిగి కూర్చోకు.

చిప్స్ కోసమే చక్కెర తక్కువుండే రకాలున్నాయి, సిమ్లాలో బంగాళాదుంప పరిశోధన సంస్థ వాళ్ళు 1998లో తెచ్చిన కుఫ్రీ చిప్సోనా లాంటివి, కానీ మీ వీధిలో తోపుడు బండివాణ్ణి అడిగితే నీ మొహం వంక చూస్తాడు. దొరికినవాటిలోనే గట్టిగా, తొక్క కాస్త మందంగా ఉన్నవి ఏరుకో. గోటితో గీకితే ఊడొచ్చే లేత తొక్క దుంపలు వద్దు, పచ్చబడ్డవీ మొలకలొచ్చినవీ అసలే వద్దు. ఫ్రిజ్‌లో ఉన్నవి తీసి చీకటిగా ఉండే మూల బుట్టలో ఓ రెండు వారాలు పడెయ్యి, చాలావరకు దారికొస్తాయి. రాకపోతే వేపుడు చేసుకో, నష్టమేం లేదు.

స్లైసర్‌తో ఒకటిన్నర మిల్లీమీటర్ మందం చాలు, ముఖ్యం ఏంటంటే అన్నీ ఒకటే మందం ఉండాలి. తరిగినవి తరిగినట్టు నీళ్ళలో వేసెయ్, నీళ్ళు బియ్యం కడుగులా తెల్లగా అవుతాయి, పారబోసి మళ్ళీ పోయి, నీళ్ళు తేటగా వచ్చేదాకా మూడు నాలుగుసార్లు కడగాలి, లేదంటే ఆ పిండికి ముక్కలన్నీ నూనెలో ఒకదానికొకటి అతుక్కుంటాయి. తర్వాత పాత కాటన్ పంచె మీద ఆరబెట్టి పైన ఇంకో గుడ్డతో అద్దు. ఫ్యాన్ కింద పది నిమిషాలు. తడి ముక్క ఫ్రయ్యర్‌లో వేశావంటే నూనె పొంగి కౌంటర్ మీదకొస్తది. అరటికాయ చిప్స్‌కి కేరళవాళ్ళు కాగే నూనెలోనే ఉప్పునీళ్ళు చిలకరిస్తారు చూడు, అది పెద్ద కళాయిలో చెయ్యి తిరిగినోళ్ళ పని, నీ రెండు లీటర్ల డబ్బాలో ఆ ప్రయోగం పెట్టకు.

నూనె లోపల గీత దాటకుండా పోసుకో, వేరుశనగ నూనె అయితే రుచి. 175 డిగ్రీల దగ్గర పెట్టి లైటు ఆరేదాకా ఆగు. బుట్టని ముందే నూనెలో దింపి ముక్కల్ని విడివిడిగా జారవిడువు, వాయికి గుప్పెడే, ఎక్కువేస్తే నూనె చల్లబడిపోద్ది. మూత పెట్టకు, ఆవిరి చుక్కలై మళ్ళీ అందులోనే పడుద్ది. ఇక చెవి పెట్టి విను. మొదట వాన పడ్డట్టు జోరుగా చప్పుడొస్తది, అది నీరు పోతున్న చప్పుడు. కాసేపటికి సన్నబడి, బుడగలు తగ్గి, ముక్క గరిటెకి తగిలితే గలగలమంటది. అప్పుడే తియ్యాలి. రంగు కోసం చూస్తూ కూర్చుంటే లేటే, బయటికొచ్చాక కూడా ఒక పిసరు రంగు తిరుగుద్ది.

ఇంకోటి, చిప్స్ నూనె పీల్చేది ఎక్కువగా బయటికి తీశాకే, చల్లారేటప్పుడు. అందుకని బుట్టని పైకెత్తి వేడి మీదే పదిహేను సెకన్లు గట్టిగా దులుపు, తర్వాత జల్లెడలో పల్చగా పరుచు. ఉప్పూ కారం వేడి మీదే చల్లాలి, చల్లారితే అంటదు. పూర్తిగా చల్లారాకే డబ్బా మూత పెట్టు, వేడిగా పెడితే సాయంత్రానికి అప్పడం నానినట్టే. కేజీ దుంపలకి పావుకేజీకి కాస్త పైన వస్తాయి అంతే, ఏంటి ఇంతేనా అని బెంగ పడకు, మిగతాదంతా నీళ్ళే.

నూనె చల్లారాక గుడ్డలో వడకట్టి దాచుకో. వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్స్, అంటే మళ్ళీ మళ్ళీ కాగి నూనె పాడైతే పుట్టేవి, 25 శాతం దాటితే పక్కన పెట్టాలని ఫుడ్ సేఫ్టీ వాళ్ళు 2018 నుంచి రూల్ పెట్టారు, ఇంట్లో కొలిచే మిషన్ ఎక్కడిది గానీ, జిగురుగా అయినా, నురగ కట్టినా, కాగకముందే పొగ లేచినా పారెయ్యి, సింకులో మాత్రం పొయ్యకు. ఫ్రయ్యర్ ప్లగ్గు పెద్ద పిన్ సాకెట్‌కే పెట్టు, ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు. ఖర్మ కాలి ఎప్పుడైనా నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకుండా స్విచ్ ఆపి మూత వేసెయ్.

ఈసారి ఫోటో పంపకు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని ఒకటి కొరికి వాయిస్ మెసేజ్ పెట్టు, చెవిలో వింటే చెప్పేస్తా.

మీ బాబాయ్