పక్కవాళ్లు వేయించకపోయినా నేను గాలికుంటు టీకా వేయించాలా?

ప్రశ్న: నాకు మూడు గేదెలు, రెండు ఆవులు ఉన్నాయి. వాటికి ఇంతవరకు గాలికుంటు జబ్బు రాలేదు. అయినా ఆరు నెలలకోసారి టీకా వేయించమంటున్నారు. వేయిస్తే రెండు రోజులు పాలు తగ్గుతున్నాయి. చెవిపోగు కూడా తప్పదంటున్నారు. మా వీధిలో సగం మంది వేయించడం లేదు. నేనొక్కడినే వేయిస్తే లాభమేంటి? ఒక్కసారి వేస్తే సరిపోయే టీకా లేదా?

జవాబు: ముందు మీ చివరి మాటకు సమాధానం చెబుతాను. ఒక్క టీకాతో ఏళ్ల తరబడి రక్షణ దొరికిన జబ్బు రిండర్‌పెస్ట్, అంటే ఒకప్పుడు మందలను తుడిచిపెట్టిన పశువుల అంటువ్యాధి. ఆ వైరస్‌లో టీకాకు లొంగని వేరే రకాలు లేవు. అందుకే దేశమంతా పట్టుబట్టి టీకాలు వేసి దాన్ని తుడిచిపెట్టగలిగాం. 2006లో మన దేశానికి ఆ జబ్బు లేదన్న గుర్తింపు వచ్చింది, 2011కి ప్రపంచంలోనే లేకుండా పోయింది. గాలికుంటు అంత తేలిగ్గా లొంగదు. ఈ వైరస్‌లో ఏడు రకాలున్నాయి. ఒక రకానికి వచ్చిన రక్షణ ఇంకో రకాన్ని ఆపదు. మన దగ్గర కనిపించే ఓ, ఏ, ఆసియా-1 మూడింటికీ కలిపి ఒకే టీకా ఇస్తున్నారు. దాని బలం ఆరు నెలలకు సన్నగిల్లుతుంది కాబట్టే మళ్లీ వేయాలి.

ఇక మీ వీధి సంగతి. ఈ వైరస్ సోకిన పశువు చొంగ కార్చకముందే, కుంటకముందే పాలలో, ఊపిరిలో వైరస్‌ను వదలడం మొదలుపెడుతుంది. అంటే జబ్బు కంటికి కనబడేసరికే పాలు పితికిన చేతుల మీద, తాగిన తొట్టిలో, సంతకు వెళ్లిన బండిలో అది బయల్దేరిపోయి ఉంటుంది. కోలుకున్న ఆవు గొంతులో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి దాగి ఉంటుంది కూడా. అందుకే నూటికి ఎనభై పశువులకైనా ఒకే విడతలో రక్షణ ఉండాలంటాం. మీరు మానేస్తే ఆ లెక్కలో మరో ఐదు తగ్గుతాయి. వీధిలో సగం మంది వేయించడం లేదంటే వైరస్ మీ కొట్టం దాకా రావడానికి దారి తెరిచే ఉంది. మీకు టీకా అవసరం ఇంకా ఎక్కువ.

పాలు తగ్గడం నిజమే, కానీ రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి. జబ్బే వస్తే నాలుక మీద పొక్కులు పగిలి, పై పొర ఊడి వస్తుంది. గిట్టల మధ్య పుండ్లలో పురుగులు పడతాయి. పాలు తాగే దూడలు గుండె దెబ్బతిని ఉన్నట్టుండి చనిపోతాయి. బతికిన ఆవు కొన్నిసార్లు ఎండ తగిలితే చాలు రొప్పుతుంది, చూడి సరిగ్గా కట్టదు, పాలు మునుపటి స్థాయికి రావు. మందలో అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది ఈ మిగిలిపోయిన నష్టమే.

చెవిపోగు మీద 12 అంకెల సంఖ్య ఉంటుంది. ఏ పశువుకు ఎప్పుడు టీకా పడిందో దానితోనే నమోదవుతుంది. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద గాలికుంటు టీకా ఉచితం. 2030 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలన్నది లక్ష్యం. ఏ పశువుకు టీకా పడిందో, ఏది ఎక్కడికి మారిందో తెలియకపోతే ఆ లక్ష్యం కాగితం మీదే ఉండిపోతుంది.

టీకా వేసేటప్పుడు మీరూ ఓ కన్నేయండి. సీసా ఐస్ బాక్సులోంచి తీస్తున్నారో లేదో చూడండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన ఈ టీకా ఎండకు వేడెక్కినా, గడ్డకట్టినా పనికిరాదు. దూడలకు నాలుగో నెలలో మొదటి టీకా, నెల తర్వాత బూస్టర్, అంటే రెండో మోతాదు, తప్పనిసరి. చాలామంది ఆ బూస్టరే మరిచిపోతారు. జ్వరంతో ఉన్న పశువుకు అప్పుడు వేయించొద్దు. నిండు చూడి అయితే డాక్టరుకు ముందే చెప్పండి.

ఊళ్లో ఎక్కడైనా పొక్కులు కనిపిస్తే దాచకండి. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం కూడా అధికారులకు తెలపాల్సిన జబ్బే ఇది. పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేయండి, ఆ పశువును వేరుగా కట్టండి, దూడను తల్లి దగ్గర వదలొద్దు. లీటరు నీటికి 40 గ్రాముల వాషింగ్ సోడా కలిపి కొట్టం కడగండి. జబ్బు పశువును ఆఖరున పితకండి. కొత్తగా కొన్న పశువును కూడా మూడు వారాలు విడిగా ఉంచి, టీకా వివరం చూసుకున్నాకే మీ గేదెల పక్కన కట్టండి.