అమ్మమ్మ దగ్గర పెరిగినందుకే మా అమ్మాయికి ఇలా అయిందా?

ఐదేళ్లు వచ్చేదాకా పాపని అమ్మమ్మ దగ్గర ఉంచామని, ఇప్పుడు ఇరవై రెండేళ్లకి డాక్టరుగారు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావోద్వేగాలు అదుపులో ఉండక, బంధాలు నిలకడగా సాగని మానసిక సమస్య) అన్నారని, తప్పు మాదేనా అని అడిగారు కదండీ. డిగ్రీలో ఉండగా నాకూ అదే చెప్పారు. నేనూ అమ్మమ్మ దగ్గర పెరిగినదాన్నే.

నాన్నకి స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు, అమ్మకి ఉద్యోగం. బొబ్బిలిలో అమ్మమ్మ దగ్గర నాకే లోటూ లేదు. బిడ్డకి నమ్మకంగా ఒక మనిషి ఉండాలి, అది కన్నతల్లే కానక్కర్లేదు. నాకు కష్టమైంది గాజువాక వచ్చాకే. స్కూలు మొదలవుతోందని ఉన్నపళంగా తీసుకొచ్చేశారు. అమ్మమ్మ కావాలని ఏడిస్తే "పెద్దదానివయ్యావు, ఇంకా ఏంటా ఏడుపు" అనేవారు. కొన్నాళ్లకి ఏడుపు మానేశాను. అలవాటుపడిపోయిందని అందరూ సంతోషించారు.

అటాచ్‌మెంట్, అంటే పెంచేవాళ్లతో బిడ్డకి ఏర్పడే బంధం గురించి మొదట చెప్పిన మానసిక వైద్యుడు బౌల్బీతో కలిసి పనిచేసిన మనస్తత్వవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్, ఏడాది పిల్లల్ని తల్లితో ఒక గదిలో ఉంచి గమనించారు. తల్లి కాసేపు బయటికెళ్లి వస్తుంది. వెళ్లినప్పుడు ఏడ్చారా అన్నదానికంటే, తిరిగొచ్చాక తల్లి దగ్గర ఊరట పొందారా అన్నదే ఆవిడ ముఖ్యంగా చూశారు. తల్లిని పట్టించుకోకుండా ఆడుకునే పిల్లలకి కూడా లోపల గుండె వేగంగానే కొట్టుకుంటోందని 1977లో ఇంకొందరు చూపించారు. మా కౌన్సెలర్ ఇది చెప్పినప్పుడు నాకు గాజువాక ఇల్లే గుర్తొచ్చింది.

అలాగని దీన్నే కారణమని తేల్చెయ్యకండి. జన్యువులు, పుట్టుకతో వచ్చే స్వభావం, చిన్నప్పుడు పడిన హింస, ఇలా చాలా కలుస్తాయి. మా తమ్ముడూ బొబ్బిలి నుంచి అలాగే వచ్చాడు, వాడికేం కాలేదు.

నాకు పనికొచ్చింది డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ), అంటే భావోద్వేగాల్ని తట్టుకుని అదుపు చేసుకోవడం నేర్పే థెరపీ. దాన్ని తయారుచేసిన మార్షా లైన్‌హాన్ తానూ యవ్వనంలో ఇలాంటి బాధే పడ్డానని 2011లో బయటికి చెప్పారు. అమెరికాలో పదేళ్ల పాటు గమనిస్తే ఎక్కువమందిలో లక్షణాలు బాగా తగ్గాయి కూడా. ఇంట్లో మాత్రం అమ్మ మారడమే పెద్ద మార్పు. ఇదివరకు గొడవైతే రోజుల తరబడి మాట్లాడేది కాదు. ఇప్పుడు "కోపం వచ్చింది, కాసేపాగి మాట్లాడదాం" అని, చెప్పినట్టే వస్తుంది.

చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి అంటే మనవాళ్లు మొహం అదోలా పెడతారు, పట్టించుకోకండి. పాప చనిపోతానంటే బెదిరింపు అనుకోకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏం చెయ్యాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు.