రెడ్ అలర్ట్ 2 రీమాస్టర్ మీద ఇంకా ఆశ పెట్టుకోవచ్చా? వస్తే ఎలా రావాలి?

ఆశ పెట్టుకోండి, కాదనను. దాన్నే నమ్ముకుని ఎదురుచూస్తూ కూర్చోవద్దు, అంతే. రెడ్ అలర్ట్ 2 అంటే కమాండ్ అండ్ కాంకర్ వరసలోని పాత కంప్యూటర్ యుద్ధ ఆట, రీమాస్టర్ అంటే పాత ఆటను నేటి కంప్యూటర్లకు తగ్గట్టు మెరుగుపరిచి మళ్లీ విడుదల చేయడం. ఈ ప్రశ్న అడిగేవాళ్లలో సగం మంది రీమాస్టర్ అంటే 4కే బొమ్మలనే అనుకుంటున్నారు. యూట్యూబ్‌లో ఎవరో అన్‌రియల్ అనే కొత్త గేమ్ ఇంజిన్‌లో చేసిన, ఈ ఆటలోని కిరోవ్ ఎయిర్‌షిప్ వీడియో చూడటం, కింద "ఇలా వస్తే ఎంతైనా పెట్టి కొంటాం" అని రాయడం. ఆ వీడియోలో కిరోవ్ తెర నిండా ఉంటుంది. ఆడేటప్పుడు అది బొటనవేలి గోరంత. స్ట్రాటజీ ఆటలో బొమ్మ తర్వాత, ముందు లెక్క. లెక్క చెడకుండా తెచ్చిన రీమాస్టర్లు నిలబడ్డాయి. మిగతావి ఏమయ్యాయో కింద చెప్తాను.

లెక్క అంటే ఏమిటో స్టార్‌క్రాఫ్ట్‌లో బాగా తెలుస్తుంది. 1998 నాటి ఆట, 640 × 480 తెర, 256 రంగులు. 2017 ఆగస్టులో రీమాస్టర్ వచ్చింది. ఎఫ్5 నొక్కితే పాత బొమ్మ, మళ్లీ నొక్కితే కొత్త బొమ్మ. ఒకేసారి 12 యూనిట్లకు (సైనికులు, వాహనాలు లాంటివి) మించి సెలెక్ట్ చేయడం కుదరదన్న పాత నియమాన్ని మాత్రం ముట్టుకోలేదు. "ఈ రోజుల్లో కూడా 12 ఏంటండీ" అని తిట్టినవాళ్లకు జెర్గ్ పక్షంలో ఎగిరే మ్యూటలిస్క్‌ల సంగతి తెలిసుండదు. 11 మ్యూటలిస్క్‌లతో పాటు ఎక్కడో దూరంగా తేలుతున్న ఓవర్‌లార్డ్ అనే మరో జెర్గ్ యూనిట్‌ను కూడా అదే గుంపులో కలపండి. గుంపు మరీ చెదిరి ఉందని లెక్కేసుకుని, ఆట వరస కాపాడుతూ కదిలించే పద్ధతి మానేసి అందరినీ ఒకే చుక్క మీదికి పంపుతుంది. దాంతో 11 మ్యూటలిస్క్‌లు ఒకదాని మీద ఒకటి పేరుకుని చూడటానికి ఒకటే అన్నట్టు ఎగురుతాయి, కాటు మాత్రం పదకొండింటిది. ఇది కోడ్ రాసినవాళ్లు అనుకుని పెట్టింది కాదు. కానీ కొరియా ప్రొఫెషనల్ ఆటలో జెర్గ్ ఆటగాళ్లు ఏళ్ల తరబడి దీని మీదే బతికారు. ఆ 12ని 50 చేసి, కదలికను "సరిదిద్ది" ఉంటే రీమాస్టర్ విడుదలైన రోజే అందరూ పాత ఆటకు వెళ్లిపోయేవాళ్లు.

2020 జూన్ 5న వచ్చిన కమాండ్ అండ్ కాంకర్ రీమాస్టర్డ్ కలెక్షన్ కూడా ఈ బాటలోనే నడిచింది. చేసింది పెట్రోగ్లిఫ్, ఆ ఆటలను మొదట తయారుచేసిన వెస్ట్‌వుడ్ నుంచి వచ్చినవాళ్లు పెట్టిన కంపెనీ. బొమ్మల పని మలేసియాలోని లెమన్ స్కై వాళ్లది. 1995 నాటి మొదటి కమాండ్ అండ్ కాంకర్, 96 నాటి మొదటి రెడ్ అలర్ట్, ఈ రెండింటి పాత కోడ్‌ను రెండు డీఎల్ఎల్ ఫైళ్లుగా (వేరే ప్రోగ్రామ్ పిలిచి వాడుకునే కోడ్ ఫైళ్లు) అడుగున నడిపిస్తూ, పైన కొత్త బొమ్మ గీశారు. సింగిల్ ప్లేయర్‌లో స్పేస్‌బార్ నొక్కితే యుద్ధం మధ్యలోనే, ఒక్క బుల్లెట్ కూడా ఆగకుండా, పాత బొమ్మ వస్తుంది. ఆ స్పేస్‌బార్‌ను సోకు కింద జమ కట్టకండి. అడుగున నడుస్తున్నది అదే ఆట అనడానికి అదే సాక్ష్యం. మార్చాల్సింది కూడా మార్చారు: యూనిట్లు, భవనాలు ఎంచుకునే సైడ్‌బార్‌కు ట్యాబులు, ఒకదాని వెనక ఒకటి ఆర్డర్ పెట్టుకునే వీలు. ఆ రెండు డీఎల్ఎల్‌ల సోర్స్ కోడ్‌ను, ఎవరైనా వాడుకునేలా, జీపీఎల్ లైసెన్స్ కింద బయట పెట్టారు కూడా. ఒక్కచోట చేతులెత్తేశారు. నటులతో తీసిన వీడియోల అసలు టేపులు దొరకలేదు, ఉన్నవాటినే ఏఐతో సాగదీశారు. మొహాలు కాస్త మైనం పూసినట్టుంటాయి. మన నెట్ సెంటర్లలో తిరిగిన రిప్ కాపీల్లో సైజు తగ్గించడానికి వీడియోలు కోసేసేవాళ్లు కాబట్టి, మనవాళ్లలో చాలామందికి ఆ మైనం మొహాలే మొదటి దర్శనం.

మరి అదే మందు రెడ్ అలర్ట్ 2కి ఎందుకు వేయరు? 2025 ఫిబ్రవరిలో ఈ ఆటల హక్కులున్న ఈఏ కంపెనీ గిట్‌హబ్ సైట్‌లో పెట్టిన సోర్స్ కోడ్‌ల పట్టిక చూడండి: మొదటి కమాండ్ అండ్ కాంకర్, మొదటి రెడ్ అలర్ట్, రెనెగేడ్, జనరల్స్ దాని జీరో అవర్‌తో సహా. టైబీరియన్ సన్ లేదు, రెడ్ అలర్ట్ 2 లేదు. సరిగ్గా జనం అడిగేవే లేవు. సోర్స్ చేతిలో లేకుండా డీఎల్ఎల్ చేయడం కుదరదు. ఉన్న ఎగ్జిక్యూటబుల్‌ను (ఆటను నడిపే ఫైల్‌ను) విప్పి చూసి కొత్తగా రాయాలి. అలా రాస్తే మ్యూటలిస్క్ లాంటి సంగతులు వంద జారిపోతాయి. ఆ విప్పే పనిని అభిమానులు ఎప్పుడో మొదలుపెట్టారు: ఏరీస్ అనే డీఎల్ఎల్‌ను సిరింజ్ అనే చిన్న ప్రోగ్రామ్ రెడ్ అలర్ట్ 2 అదనపు భాగమైన యూరీస్ రివెంజ్ మెమరీలోకి ఎక్కిస్తుంది, మెంటల్ ఒమేగా లాంటి భారీ మాడ్ (అభిమానులు ఆటను మార్చి చేసిన రూపం) దాని మీదే నడుస్తుంది. రీమాస్టర్ తలపెట్టే కంపెనీ ముందు పిలవాల్సింది వాళ్లను.

బొమ్మల చిక్కు వేరే. రెడ్ అలర్ట్ 2లో సైనికులు, భవనాలు మామూలు స్ప్రైట్లు, అంటే చదునైన బొమ్మలు. ట్యాంకులు మాత్రం వోక్సెల్స్, అంటే చిన్న చిన్న ఘనాలతో పేర్చిన ముద్దలు. ప్రతి ఘనానికి ఒక రంగు నంబరు, అది ఎటు తిరిగి ఉందో చెప్పే ఒక దిక్కు నంబరు. అలాంటి దిక్కులు 244. రైనో ట్యాంకు తిరుగుతున్నప్పుడు దాని మీద వెలుగు పాకడం ఆ 244లోంచే వస్తుంది. ఇక టీమ్ రంగు: 256 రంగుల పాలెట్‌లో 16 నుంచి 31 దాకా ఉన్న 16 గళ్లు టీమ్‌వి. మీరు ఎరుపు ఎంచుకుంటే ఆ 16 ఎరుపు ఛాయలవుతాయి, ఆకుపచ్చ ఎంచుకుంటే ఆకుపచ్చ. గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. కొత్త బొమ్మలో పాలెట్ ఉండదు, టీమ్ రంగు ఎక్కడ పడాలో చెప్పే మాస్క్ ఒకటి విడిగా గీయాలి. ఆర్టిస్టు వాస్తవికత మోజులో ఆ మాస్క్‌ను సన్నగా, మట్టి పూసి గీశాడో, 8 మంది ఆడే మ్యాప్‌లో ఎరుపు ట్యాంకులేవో నారింజ ట్యాంకులేవో తేలదు. ఆట డబ్బులో 700 పెట్టి కొన్న అలైడ్ ట్యాంకు గ్రిజ్లీ, 900 పెట్టి కొన్న సోవియట్ ట్యాంకు రైనో దూరం నుంచి ఒక్కలా కనిపిస్తే ఇంక స్ట్రాటజీ ఏముంది?

అదే జరిగింది వార్‌క్రాఫ్ట్ 3 రీఫోర్జ్డ్‌లో. ఆ కథ వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆశలకు వాత పెట్టింది అదే. 2018 నవంబరులో ఆ ఆట చేసిన బ్లిజార్డ్ కంపెనీ వేడుక బ్లిజ్‌కాన్ వేదిక మీద స్ట్రాథోమ్ మిషన్ మొదటి సీను చూపించారు. కెమెరా కిందికి దిగి, కథలోని రాకుమారుడు ఆర్థస్ మొహం దగ్గరికి వచ్చి, అతని గురువు ఉథర్‌తో వాదన సినిమాలా నడిచింది. ఆటలోని సీన్లన్నీ, నాలుగు గంటల పైచిలుకు, అలా మళ్లీ చేస్తామన్నారు. 2020 జనవరి 28న ఆట తెరిస్తే ఆ సీనులో కెమెరా 2002లో ఎక్కడ ఉందో అక్కడే ఉంది, పై నుంచి. ఇద్దరూ కొత్త కవచాలు తొడుక్కుని పాత చోట నిలబడి మాట్లాడుకుంటున్నారు. సరే, మాట తప్పారు, డబ్బులు వెనక్కి ఇచ్చారు. అసలు నేరం అది కాదు. కొత్తది కొననివాళ్ల పాత ఆట కూడా అదే రోజు కొత్త క్లయింటుగా, అంటే కొత్త ప్రోగ్రామ్‌గా, మారిపోయింది. దాదాపు 30 జీబీ డౌన్‌లోడ్. ర్యాంకుల పట్టిక లేదు, క్లాన్లు లేవు, కస్టమ్ క్యాంపెయిన్లు లేవు. 17 ఏళ్లుగా నడుస్తున్నది నడవకుండా పోయింది. దానికి తోడు యూనిట్ల మీద పిసరంత చోటు వదలకుండా చెక్కిన నగిషీలు. దగ్గరికి జూమ్ చేస్తే బ్రహ్మాండం, ఆడే ఎత్తు నుంచి చూస్తే అన్నీ కలిసి గోధుమరంగు గుంపు. రివ్యూలు పోగేసే మెటాక్రిటిక్ సైట్‌లో జనం ఇచ్చిన మార్కులు పదికి ఒకటి కూడా దాటలేదు. 2024 నవంబరులో 2.0 ప్యాచ్‌తో చాలా సర్దారు. అప్పటికి నాలుగేళ్లు దాటింది.

అంతరిక్ష యుద్ధ ఆట హోమ్‌వరల్డ్‌ది ఇంకో రకం తప్పు. 2015 రీమాస్టర్‌లో మొదటి భాగాన్ని రెండో భాగం ఇంజిన్ మీద ఎక్కించారు. మొదటి దాంట్లో గుండు నిజంగా ప్రయాణించి తగిలేది, లేదా పక్కనుంచి పోయేది. రెండో దాంట్లో తగలడమనేది పాచిక వేసినట్టు శాతాల లెక్క. అంటే బొమ్మ పాతదే, యుద్ధం వేరు. ఫార్మేషన్లకు విలువే పోయింది. దాన్ని దారిలో పెట్టడానికి 2016లో పెద్ద ప్యాచ్ కావాల్సొచ్చింది.

"కనీసం యూనిట్లు దారి వెతుక్కునే తెలివైనా పెంచండి" అని రెడ్ అలర్ట్ 2 అభిమానులు తరచూ అడుగుతారు. వినడానికి న్యాయమే. ఒక్కసారి ఖనిజం తవ్వి తెచ్చే మైనర్ బండ్ల లెక్క చూడండి. సోవియట్ వార్ మైనర్‌లో 40 మూటలు పడతాయి, మామూలు ఖనిజమైతే మూటకు 25, అంటే ట్రిప్పుకు 1000. అలైడ్ క్రోనో మైనర్‌లో 20 మూటలే, 500. బదులుగా అది వచ్చేటప్పుడు మాయమై రిఫైనరీ దగ్గర తేలుతుంది. వెళ్లేటప్పుడే నడుస్తుంది. వార్ మైనర్ రెండు వైపులా నడవాలి, ట్యాంకుల గుంపులో ఇరుక్కోవాలి, వంతెన మీద ఆగిపోవాలి. ఆ ఇరుక్కోవడం కూడా బ్యాలెన్స్‌లో భాగమే. దారి వెతికే తెలివి పెంచారంటే లాభం ఎక్కువగా సోవియట్‌కే. 10,000తో మొదలయ్యే ఆటలో ఐదో నిమిషానికి రెండు రైనోలు ఎక్కువ వచ్చిపడతాయి. అందుకే ఇలాంటి మార్పులు ఏవైనా సరే విడిగా ఒక టిక్ బాక్స్‌లో ఉండాలి, ర్యాంకు ఆటల్లో అందరికీ ఒకే తీరున ఉండాలి. యూరీస్ రివెంజ్‌లో వచ్చే మూడో పక్షం నాయకుడు యూరీ సంగతీ అంతే. వాడి పక్షం బలం మరీ ఎక్కువని పోటీ ఆటల్లో పక్కన పెడతారు. సరిచేయాలంటే విడి మోడ్‌లో చేసుకోండి, క్యాంపెయిన్ జోలికి రావద్దు.

ఇంకో మాట. ఈ ఆటలో నెట్ మీద పోయేది యూనిట్లు కాదు, ఆర్డర్లే. 8 కంప్యూటర్లూ ఎవరి ఆట వాళ్లు లెక్క కట్టుకుంటాయి. ఒక్కచోట ఒక్క సైనికుడు ఒక గడి అటు ఇటు అయితే చాలు, రీకనెక్షన్ ఎర్రర్ వచ్చి అంతా కూలుతుంది. కాలం కూడా సెకన్లలో కాదు, ఫ్రేముల్లో. రూల్స్ ఫైల్‌లో నిమిషమంటే 900 ఫ్రేములు. కాబట్టి "144 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 144 ఫ్రేములు) కావాలి" అనేవాళ్లు అడగాల్సింది బొమ్మను విడిగా, లెక్కను విడిగా నడపమని. ఊరికే ఫ్రేములు పెంచితే ఆటే పరిగెడుతుంది.

సరే, అది వచ్చేదాకా ఏం చేయాలి? పాత సీడీలతో కుస్తీ వద్దు. ఆ తరం సీడీల్లో చాలావాటికి ఉన్న సేఫ్‌డిస్క్ తాళాన్ని విండోస్ 10 అసలు తీయనివ్వదు. 2024 మార్చి నుంచి ఈ ఆటలన్నీ ఉన్న అల్టిమేట్ కలెక్షన్ స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఉంది. ఇన్‌స్టాల్ చేయగానే ఫోల్డర్ మొత్తాన్ని ప్రోగ్రామ్ ఫైల్స్ బయటికి, డీ డ్రైవ్‌లోకో ఎక్కడికో కాపీ చేసి పెట్టుకోండి. అక్కడే ఉంచితే ఒక్కోసారి సెట్టింగుల ఫైల్‌లో మీరు రాసింది విండోస్ వేరే చోట దాచేసి, ఎంత మార్చినా మారనట్టు చూపిస్తుంది. తర్వాత పాత ఆటల బొమ్మను కొత్త విండోస్‌లో సరిగ్గా చూపించే సీఎన్‌సీ-డీడ్రా తెచ్చి దాని డీఎల్ఎల్‌ను, ఐఎన్ఐ ఫైల్‌ను (సెట్టింగుల ఫైల్) ఆట ఎగ్జిక్యూటబుల్ పక్కనే వేయండి. నల్ల తెర, ఆల్ట్-ట్యాబ్ కొడితే చచ్చిపోవడం, రెండూ దీంతో చాలావరకు పోతాయి. ఆట మరీ పరిగెడుతుంటే అదే ఐఎన్ఐలో మ్యాక్స్‌గేమ్‌టిక్స్ విలువను 60 చేయండి. ఇక రిజల్యూషన్: ఆట సెట్టింగుల ఐఎన్ఐలో వీడియో భాగం కింద స్క్రీన్‌విడ్త్ 1280, స్క్రీన్‌హైట్ 720 ఇవ్వండి. నేరుగా 1920 × 1080 ఇచ్చేవాళ్లు ఎక్కువ. ఇస్తే మ్యాప్ విశాలంగా కనిపిస్తుంది నిజమే, కానీ స్ప్రైట్లు పెరగవు కాబట్టి కుక్కను ఇంజినీర్ అనుకుని క్లిక్ చేస్తారు. 720 పెట్టి డీడ్రాతో తెర నిండా సాగదీయడమే మేలు. కదలిక తడబడుతుంటే అదే భాగంలో వీడియోబ్యాక్‌బఫర్ ఎదురుగా "నో" అని రాయండి.

నెట్ ఆటకు అభిమానులు నడిపే సీఎన్‌సీనెట్ క్లయింట్ వేసుకోండి. ఆట పాత ల్యాన్ మెనూ వాడేది ఐపీఎక్స్ అనే పాత నెట్‌వర్క్ పద్ధతి, విండోస్ విస్టా నుంచే అది లేదు. ఒకే గదిలో రెండు ల్యాప్‌టాప్‌లున్నా ఒకదానికొకటి కనపడకపోవడానికి కారణం అదే, రౌటర్‌ను తిట్టుకోకండి. ఏ మాడ్ ఎక్కించినా అందరి దగ్గరా అదే వెర్షన్ ఉండాలి. రూల్స్‌లో ఒక ధర తేడా ఉన్నా ఆట మధ్యలో పైన చెప్పిన రీకనెక్షన్ ఎర్రర్ ప్రత్యక్షం.

రేపు నిజంగానే రెడ్ అలర్ట్ 2 రీమాస్టర్ ట్రైలర్ వస్తే, అందులో మూడు వెతకండి. ఆడే ఎత్తు నుంచి తీసిన షాట్‌లో ఇరవై రైనోలు, ఇరవై గ్రిజ్లీలు కలగలిసి కొట్టుకుంటుంటే ఏవి ఎవరివో తెలుస్తోందా? పాత బొమ్మకు మార్చే మీట ఎక్కడైనా నొక్కి చూపించారా? పాత ఆట స్టీమ్‌లో అలాగే ఉంటుందని నోరు తెరిచి చెప్పారా? కిరోవ్ పొట్ట కింద రివెట్లు మాత్రమే చూపిస్తే ప్రీ-ఆర్డర్ పెట్టకండి.